తొంభై లారీల లెక్క

ఏప్రిల్. మెయిన్ రాష్ట్రం ఉత్తరపు కొస.
మంచు కరిగి దారులన్నీ అంబలి.
మే దాకా లారీలు అడవిలోకి పోకూడదని
మలుపు దగ్గర నారింజ రంగు బోర్డు పాతారు.
ఇనప సామాన్ల కొట్టు మీది గదిలో
ఆల్డెన్ స్ప్రేగ్ పెన్సిల్ చెక్కుకుంటున్నాడు.

ధర్మకర్త అనే మాట అతనికి తెలీదు.
తెలిస్తే ఆ బరువుకి జడుసుకునేవాడేమో.
"ఎమీల్ అడిగాడు, సరేనన్నాను" అంటాడు, అంతే.
ఎమీల్ పెల్టియే పోయి పదకొండేళ్ళు.
రాసిపెట్టింది ఒకటిన్నర పేజీ:
అడవి మీద రాబడి, ఒడెట్ బతికినన్నాళ్ళూ ఒడెట్‌ది.
ఆ తర్వాత అడవి, మొదటి భార్య మనవలిద్దరిది.

అసలు కన్నా వడ్డీ ముద్దు అంటాం మనం,
మనవల్ని ఒళ్ళో కూచోబెట్టుకుని.
ఇక్కడ ఆ సామెత తిరగబడింది.
మనవలే అసలు.
వడ్డీ ఏమో డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి,
మోకాలికి పట్టీ కట్టుకుని
ఒక్కో మెట్టూ తిట్టుకుంటూ ఎక్కి వస్తోంది.

"ఈసారి చెక్కు చిక్కిపోయిందేం?"

పన్ను, అన్నాడు.

"చెట్లు నావి కావంటారు. పన్ను మాత్రం నాదా?"

పొద్దున్నే బోస్టన్ నుంచి రెమీ ఫోన్:
"తినేది ఆవిడైతే కట్టేదీ ఆవిడే కదా?"
ఆ సంగతి ఆల్డెన్ ఆమెకి చెప్పలేదు.

మాటకారి కాదు. కాగితం తిప్పి ఆమె వైపు జరిపాడు.
ఈ చలికాలం కొట్టింది తొంభై లారీలు.
ఫారెస్టరు కొలిచిన ఏడాది పెరుగుదల అరవై.
పెరిగినంత మేరా నరికితే అది పంట. నీది.
పెరిగింది దాటి నరికితే అడవినే అమ్ముకున్నట్టు.
పురుగు పట్టింది, ఉంచితే పుచ్చిపోయేది, నిజమే,
కానీ ఆ ముప్పై లారీల డబ్బూ అసల్లోకే పోవాలి.

ప్రభుత్వానికి ఈ తేడాతో పని లేదు.
తొంభైకీ ఒకే పేరు, ఒకే ఫారం, ఒకే పన్ను:
పదకొండు వేల మూడు వందల ఎనభై నాలుగు డాలర్లు.
పేరు వాళ్ళేది పెట్టినా
ఏ జేబులో డబ్బు పడిందో
ఆ జేబులోంచే దాని పన్ను.
మూడింట రెండు వంతులు నీవి. ఒకటి అడవిది.

ఒడెట్ చాలాసేపు కాగితం చూసింది.
నేల పన్ను ఏటా మొత్తం తన రాబడిలోంచే పోతుందని,
ఆల్డెన్ కూలి సగం అటూ సగం ఇటూ వేసుకుంటాడని
ఆమెకెప్పుడో తెలుసు, ఎన్నడూ అడగలేదు.
ఇది మాత్రం గుచ్చుకుంది.

"అయితే ఎమీల్ నాకు అడవి ఇవ్వలేదు.
అది పెరగడం ఇచ్చాడు."

ఆల్డెన్ తల ఊపాడు. ఇంతలో కాఫీ చల్లారింది.
"నీలం రంగు డబ్బా పట్టుకుని
నరకొద్దనుకున్న చెట్లకి గుర్తులు పెట్టేవాడు" అంది.
"నా చేతికీ అంటించేవాడు. వారం దాకా పోయేది కాదు."
ఇంకేమీ అనకుండా దిగిపోయింది.
మెట్ల మీద బూట్ల బురద, ఒక కాలిది ముద్రగా,
ఒక కాలిది ఈడ్చినట్టుగా.

కాగితాలు ఎగిరిపోకుండా పెట్టిన దుంగ బిళ్ళని
ఆల్డెన్ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు.
బెరడు కింద చివరి వలయం
గోరుకి కూడా దొరకనంత సన్నం.
అరవై లారీలూ ఇందులోంచే.

ఇక సెంట్లు మిగిలాయి.
ఆమె వైపు ముప్పై మూడు, అటు అరవై ఏడు.
సెంటులో మూడో వంతు ఎటూ తెగక
అడవి మీద పడింది.
అడగడానికి అడవి రాదు. రెమీ రావచ్చు,
రెమీ పిల్లలు రావచ్చు, అప్పటికి తను ఉండడు.
అందుకని అంచులో, చిన్న అక్షరాలతో,
ఎందుకలా వేశాడో రాసి
కింద తేదీ వేశాడు.